ఈతగాడు బెంజమిన్ ఫ్రాంక్లిన్

బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1706వ సంవత్సరమున అమెరికాలోని బోస్టను నగరమందు జన్మించెను. సముద్రపుటొడ్డున పెరుగుటచే బాల్యముననే ఈత నేర్చెను. చేతికందిన వస్తువును కొత్తపనికి మార్చి చూచుట అతని స్వభావము. వేగముగా ఈదగోరి, పది అంగుళముల పొడవు, ఆరు అంగుళముల వెడల్పు గల కోలపలకలు రెండు చేసి, బొటనవ్రేలికి రంధ్రములు తొలిచి, చేతబట్టి ఈదెను. వేగము హెచ్చెను గాని మణికట్టులు అలసెను. మరియొకమారు ఎగురుచున్న గాలిపటపు దారమును పట్టుకొని, నీటిపై వెలికిల పరుండి, చెరువును శ్రమ లేకుండ దాటెను. పెద్దవాడైన పిమ్మట, పిడుగులనుండి ఇండ్లను కాపాడు లోహపు కడ్డీని కనిపెట్టినవాడును ఇతడే.

ఇంతటి ఈతగాడయ్యును నీటిని చులకన చేయలేదు. ఎండలో కోతకోసి ఒడలు కాగిన నలుగురు యువకులు చల్లని ఊటనీట దుమికిరనియు, ఇద్దరు అచ్చటనే, మూడవవాడు మరునాటి ఉదయమున మరణించిరనియు, నాలుగవవాడు కష్టముమీద బ్రతికెననియు తెలుపుచు, మిత్రునకు హెచ్చరికగా లేఖ వ్రాసెను. చన్నీరు హఠాత్తుగా తగిలినచో ఊపిరి ఎగబీల్చి నీటిని మ్రింగుదుమనియు, గుండె తడబడవచ్చుననియు నేటి వైద్యులును చెప్పుచున్నారు.

ఫ్రాంక్లిన్ 84 ఏండ్లు జీవించి 1790లో ఫిలడెల్ఫియాలో మరణించెను. బాలబాలికలారా! పలక పనికిరాకున్న మరియొకటి చేసికొనవచ్చును. ప్రాణమును అట్లు చేసికొనజాలము. చన్నీట మెల్లమెల్లగా దిగుడు, ఒంటరిగా దిగకుడు.