క్షయ కాని ‘క్షయ’ను గుర్తించిన ఆరోగ్యవరం డాక్టరు

మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం ఆసుపత్రి పేరు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల పెద్దలకు కొత్త కాదు. ఆ ఆసుపత్రిని తీర్చిదిద్దిన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ పేరు మాత్రం నేడు కొద్దిమందికే తెలుసు.

ఆయన డెన్మార్కు దేశస్థుడు. మిషనరీ వైద్యుడుగా దక్షిణాదికి వచ్చారు. పలు క్రైస్తవ మిషన్లు కలిసి క్షయరోగులకు ఒక శానిటోరియం పెట్టదలచినప్పుడు ఆ భారం ఆయన తలకెత్తుకున్నారు. 1912లో మొదలైన ప్రయత్నం ఫలించి 1915లో ఆరోగ్యవరంలో శానిటోరియం ప్రారంభమైంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు మదనపల్లె తాలూకా కడప జిల్లాలోనిదే. పులివెందుల వైపు వారు కదిరి చేరి రైలెక్కితే మదనపల్లె రోడ్డు స్టేషనులో దిగవచ్చు.

క్షయ క్రిమిని 1882లోనే జర్మనీలో కోచ్ కనుగొన్నా, దానిని చంపే మందు అప్పటికి లేదు. స్ట్రెప్టోమైసిన్ 1943లో గాని బయటపడలేదు. మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి, ఇవే వైద్యం. కొందరికి ఛాతీలోకి గాలి ఎక్కించి, జబ్బు పడిన ఊపిరితిత్తికి విశ్రాంతినిచ్చేవారు. రోగి నెలల తరబడి మంచం పట్టవలసిందే. ఇల్లు చేరినా ఇరుగుపొరుగు దగ్గరకు రారు, ఇంట్లో పిల్లలకు సంబంధాలు కుదరవు. క్షయ అన్న మాట ఒకసారి పడితే ఆ కుటుంబమంతా కుంగిపోయేది.

అందువల్లనే ఆయన చేసిన ఒక పని ఎన్నదగినది. కొందరు రోగులకు రాత్రిపూట ఆగని దగ్గు, పిల్లికూతలు, కొద్దిపాటి జ్వరం ఉండేవి. మనిషి చిక్కిపోయేవాడు. ఎక్స్‌రే తీస్తే రెండు ఊపిరితిత్తులలోనూ కొర్రగింజలు చల్లినట్లు మచ్చలు కనిపించేవి. చూసినవారెవరైనా క్షయ అనే అనేవారు. కాని కళ్లెను ఎన్నిసార్లు పరీక్షించినా క్షయక్రిమి కనబడదు. రక్తం పరీక్షిస్తే ఇసినోఫిల్ అనే ఒక జాతి తెల్లకణాలు విపరీతంగా పెరిగి ఉండేవి. ఇది క్షయను పోలిన వేరే జబ్బు అని మోలర్, డాక్టరు బార్టన్ కలిసి 1940లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ప్రకటించారు.

1943లో వీన్‌గార్టెన్ అనే వైద్యుడు దీనికి ట్రాపికల్ ఇసినోఫిలియా అని పేరు పెట్టారు. ఊళ్లలో ఇస్నోఫీలియా అన్న మాట అలా పుట్టినదే. కారణం తేలడానికి ఇంకా కాలం పట్టింది. 1960లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు ఇలాంటి రోగుల ఊపిరితిత్తులలో ఫైలేరియా పిల్లపురుగులను చూపించారు. దోమకాటుతో వచ్చే ఆ పురుగే మూలమని, బోదకాలుకు వాడే మందే దీనికీ పనిచేస్తుందని స్థిరపడింది.

మోలర్ భారత క్షయ నివారణ సంఘానికి వైద్య కమిషనరుగా కూడా పనిచేశారు. ఆరోగ్యవరంలో పనిచేసిన డాక్టరు పి.వి. బెంజమిన్ తరువాత భారత ప్రభుత్వానికి క్షయ సలహాదారు అయ్యారు. 1948లో దేశంలో బి.సి.జి. టీకాలు తొలిగా వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి.

ఆయన జీవితం నేర్పే పాఠం నేటికీ పనికివచ్చేదే. దగ్గంతా క్షయ కాదు. అలాగే క్షయంతా దగ్గు రూపంలోనే రాదు. మెడ మీద గడ్డగా, వెన్నునొప్పిగా, కడుపులో నీరుగా కూడా రావచ్చు. రక్తంలో ఇసినోఫిల్స్ పెరగడానికి కూడా ఉబ్బసం, కడుపులో పురుగులు వంటి కారణాలు మరెన్నో ఉన్నాయి. కనుక ఊహతో మందు మింగడం ప్రమాదం. రెండు వారాలు దాటిన దగ్గుకు ప్రభుత్వ ఆసుపత్రిలో కళ్లె పరీక్ష ఉచితం. క్షయ అని తేలితే మందులూ ఉచితమే. సాధారణంగా ఆరు నెలలు, డాక్టరు ఆపమనే దాకా మానకుండా వాడితే నయమవుతుంది. పరీక్ష జరగకముందే ఎవరికీ క్షయ అని పేరు పెట్టి దూరం చేయరాదు.