రైతుల శిష్యుఁడు - సర్ ఆల్బర్టు హోవర్డు

మన తెలుఁగున ఎరువు అను మాటకు రెండర్థములు గలవు. పొరుగువారి యొద్ద అక్కఱకుఁ దెచ్చుకొని మరల నీయవలసిన వస్తువు ఎరువు. పొలమునఁ జల్లు పెంటయు ఎరువే. ఈ రెండును ఒక్క మాటయగుట భాషలోని యాకస్మిక సంఘటనమే కావచ్చును. కాని నేల మనకు ధాన్యముగను, పశుగ్రాసముగను, ప్రత్తిగను, చెఱకుగను ఇచ్చునదంతయు అప్పేయనియు, ఆ యప్పును దీర్పని జాతి యెంత విద్యగలదైనను తుదకు దరిద్రమగుననియు జీవితమంతయుఁ జాటిన మహనీయుఁ డొకఁడు గలఁడు. ఆతఁడు సర్ ఆల్బర్టు హోవర్డు. ఆంగ్లదేశమునఁ బుట్టి, మన దేశమున వ్యవసాయమును బాగుచేయుటకై వచ్చి, ఇచ్చటి రైతులకే శిష్యుఁడైన యీ శాస్త్రజ్ఞుని చరిత్రము విద్యార్థుల కెల్లరకును దెలియఁదగినది.

హోవర్డు 1873వ సంవత్సరము డిసెంబరు 8వ తేదీన ఇంగ్లండులోని ష్రాప్‌షైరు మండలమున బిషప్స్ కాసిల్ అను చిన్న యూర జన్మించెను. ఆతని తండ్రి వ్యవసాయదారుఁడు. బాల్యమునుండియు పొలమును, పశువులను ఎఱిఁగినవాఁ డగుటచే, పంట యన నెట్టిదో గ్రంథములు చెప్పకమునుపే ఆతనికిఁ గన్నులకుఁ గట్టియుండెను. లండను నగరమందలి రాయల్ విజ్ఞాన కళాశాలలోను, పిమ్మట కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునను చదివి, 1896లో ప్రకృతిశాస్త్ర పరీక్షయందుఁ బ్రథమశ్రేణిలో నుత్తీర్ణుఁ డయ్యెను.

1899లో ఆతఁడు వెస్టిండీసు దీవులలోని బార్బడోసునకు శిలీంధ్రశాస్త్రజ్ఞుఁడుగాఁ బోయెను. చెఱకునకును తక్కిన పైరులకును వచ్చు తెగుళ్లను భూతద్దము క్రింద నుంచి పరీక్షించుట ఆతని పని. కాని మూఁడేండ్లు గడచులోపలనే ఆతనికొక సందేహము పుట్టెను. తాను తెగులునకు మందు చెప్పుచున్నాఁడే కాని, ఆ మందును వేసి చూచుటకుఁ దనకంటూ ఒక చెక్క భూమియైనను లేదు. పైరు పెట్టనివాఁడు పైరునకు వైద్యుఁ డెట్లగును? తెగులు సోఁకిన యాకును జూచినంత మాత్రమున ఆ మొక్క యేల జబ్బుపడెనో తెలియునా? ఈ ప్రశ్నలు ఆతనిని విడువలేదు. 1903 మొదలు 1905 వఱకు ఇంగ్లండులోని కెంటు మండలమున వై గ్రామమందలి వ్యవసాయ కళాశాలలో హాప్సు తీఁగెలపైఁ బని చేయుచుండఁగా, మొక్కను దాని నేలతోఁ గూడఁ జూడవలెనను నభిప్రాయ మాతనికి దృఢపడెను.

1905లో హిందూదేశ ప్రభుత్వమువారు బీహారులోని పూసా యందుఁ గ్రొత్తగా నెలకొల్పిన వ్యవసాయ పరిశోధనాలయమునకు హోవర్డును ఆర్థిక వృక్షశాస్త్రజ్ఞుఁడుగా నియమించిరి. ఆ సంవత్సరమే ఆతఁడు గేబ్రియల్ మాతై అను విదుషీమణిని వివాహమాడెను. ఆమెయుఁ గేంబ్రిడ్జిలో వృక్షశాస్త్రమునఁ బరిశోధనలు చేసి పేరొందినది. అటు పిమ్మట ఇరువదియైదు సంవత్సరములు ఆ దంపతులు చేసిన పనిలో ఇది భర్తది, ఇది భార్యది యని విడదీయుట కష్టము. 1913లో ప్రభుత్వమువారే ఆమెను రెండవ ఆర్థిక వృక్షశాస్త్రజ్ఞురాలుగా నియమించిరి. స్త్రీలకుఁ బ్రభుత్వ విజ్ఞానశాఖలలోఁ జోటు దొరకుటయే దుర్లభమైన దినములవి.

పూసాలో హోవర్డు పట్టుపట్టి 75 ఎకరముల భూమిని స్వయముగా సాగుచేయుటకై సంపాదించుకొనెను. తన పొలమునఁ దెగుళ్లు గనఁబడుచుండఁగా, చుట్టుపట్ల పల్లెల రైతుల పైరులు మందుమాఁకులు లేకయే చాలవఱకు నిర్మలముగా నుండుటను ఆతఁడు కనిపెట్టెను. మఱియొకఁడైనచో ఈ విషయమును వింతయని విడిచియుండును. హోవర్డు మాత్రము పాశ్చాత్య విద్యాగర్వమును గట్టిపెట్టి, ఆ రైతులను గురువులుగా నెన్నుకొనెను. వారు ధాన్యజాతితోఁ గంది, సెనగ మున్నగు కాయధాన్యములను గలిపి విత్తుట ఏల? ఏ నేల కే రకము తగునని వారికెట్లు తెలియును? అని ప్రతి యాచారమునకును గారణము వెదకఁజొచ్చెను. పురుగులను, తెగుళ్లనుగూడ ఆతఁడు గురువులక్రిందనే యెంచెను. తగని నేలలోఁ దగని మొక్కను బెట్టితివని చెప్పుటకే అవి వచ్చుచున్నవని ఆతని యభిప్రాయము. 1910 నాఁటికి మందుల యవసరము లేకయే ఆరోగ్యవంతములైన పైరులను బండింపఁ గలిగితినని ఆతఁడు విశ్వసించెను.

ఈ విశ్వాసమును బశువులయందును బరీక్షింపఁ గోరి, అధికారులతోఁ బెనఁగులాడి, ఆఱు జతల యెద్దులను దన స్వాధీనమునకుఁ దెచ్చుకొనెను. వానికి మంచి కొట్టమును, తన పొలమునఁ బండిన పచ్చిమేఁతను, తగిన దాణాను ఏర్పఱచెను. పొరుగు పొలము పశువులకు గాలికుంటు రోగము వచ్చినపుడు, నడుమనున్న చిన్న కంచెమీఁదుగా ఆ పశువులును ఈ యెద్దులును మూతులు రాచుకొనుటను ఆతఁడు కన్నులారఁ జూచెను. అయినను తన యెద్దుల కా రోగము సోఁకలేదు. మంచి నేల, మంచి మేఁత, మంచి యారోగ్యము అను మూఁడును ఒక్క గొలుసులోని కడియము లని ఆతనికి నాఁడు తోఁచెను.

ఆ దినములలోనే హోవర్డు దంపతులు మన గోధుమలను శోధించి పూసా 4, పూసా 12 అను మేలురకములను వెలువరించిరి. అవి ఉత్తర హిందూస్థానమున విస్తారముగా వ్యాపించెను. మొక్కల వేళ్లను త్రవ్వి చూచి, నేలలోఁ గదలు గాలికిని వేళ్ల బలమునకును గల సంబంధమును వెల్లడించిరి. బలూచిస్థానములోని క్వెట్టా యందు వేసవి కాలములలోఁ బండ్లతోఁటల పనియుఁ జేసిరి. ఇట్లు పేరు ప్రతిష్ఠలు వచ్చుచున్నను హోవర్డునకుఁ దృప్తి లేదు. పూసాలో రసాయనశాఖ యొకటి, కీటకశాఖ యొకటి, శిలీంధ్రశాఖ యొకటి. ఒకరి హద్దులోనికి మఱియొకరు పోరాదు. రైతునకు మాత్రము పొలమంతయు ఒక్కటియే. వేయి మేలురకము లిచ్చినను, నేల బలహీనమైనచో నా విత్తన మేమి చేయును?

ఈ కొఱఁతను దీర్చుకొనుటకు ఆతఁడు తన యూహ చొప్పున నొక పరిశోధనాలయమును గోరెను. హిందూదేశపు ప్రత్తి సంఘము వారి ధనసహాయముతోను, మధ్య హిందూస్థానములోని సంస్థానముల తోడ్పాటుతోను, 1924లో ఇందూరు నగరమున 300 ఎకరముల నల్లరేగడి భూమిలో ఆ సంస్థ వెలసెను. అక్కడ శాఖల గోడలు లేవు. విత్తనము, నీరు, ఎద్దులు, పెంట, కూలివారి క్షేమము అన్నియు ఒక్క దృష్టితోనే చూడఁబడెను.

ఆతని పేరు లోకమున నిలిపిన యిందూరు పద్ధతి యిచ్చటనే పుట్టినది. దీనికిఁ బ్రేరణము చీనాదేశపు రైతులనుండి వచ్చినది. నాలుగువేల యేండ్లుగా నొకే నేలను దున్నుచును దాని సారమును జెడనీయని వారి నేర్పును అమెరికా పండితుఁడు కింగు 1911లో వెలువడిన గ్రంథమున వర్ణించియుండెను. హోవర్డును, ఆతని సహకారి యశ్వంత వాడ్ అను భారతీయ శాస్త్రజ్ఞుఁడును, ఆ నేర్పునకు శాస్త్రముయొక్క కొలఁతలను జోడించిరి.

ఆ పద్ధతి యిట్టిది. పొలమున దొరకు ఆకులు, అలములు, కలుపు, గడ్డి, చెఱకు చెత్త యెల్లయు ప్రోగుచేయుదురు. ప్రత్తికట్టె, కందికట్టె వంటి గట్టివానిని బండ్ల దారిలోఁ బఱచి చక్రముల క్రింద నలుగఁగొట్టుదురు. ఇవి యన్నియుఁ గలిపి రాత్రులందుఁ బశువుల క్రింద పఱుపుగా వేయుదురు. పంచితము దానిలో నింకును. తడిసిన యా చెత్తను మఱునాఁ డెత్తి, 30 అడుగుల పొడవును, 14 అడుగుల వెడల్పును, 2 అడుగుల లోఁతును గల గుంటలోఁ బొరలు పొరలుగాఁ బఱచి, నడుమనడుమ పేడను, కొట్టములోని పంచితపు మట్టిని, కఱ్ఱబూడిదను జల్లి, నీటితోఁ దడుపుదురు. చెత్త మూఁడు నాలుగు వంతులును పేడ యొక వంతును ఉండవలెను. త్రొక్కరాదు, లోపలికి గాలి యాడవలెను. కొలఁది దినములలోనే గుంట పొగలు గ్రక్కునంత వేఁడెక్కును. కలుపు విత్తనములును, ఈఁగల పురుగులును ఆ వేఁడికి నశించును. మొదట శిలీంధ్రములును, పిమ్మట సూక్ష్మజీవులును తమ పని చేయును. రెండు వారములకొకసారి, నెలకొకసారి, రెండు నెలలకు మఱియొకసారి త్రిప్పివేసినచో, మూఁడు నెలలకు దుర్గంధము లేని నల్లని మెత్తని యెరువు సిద్ధమగును. వానకాలమున గుంటలు నీటితో నిండును గావున, అపుడు నేలమీఁదనే కుప్పలు పేర్తురు. ఇందుఁ గొనవలసిన వస్తువొకటియు లేదు. పేదరైతుకు సాధ్యము కాని పనియు లేదు.

1930లో గేబ్రియల్ పరమపదించెను. సహధర్మచారిణియు సహశాస్త్రజ్ఞురాలును నగు నామె పోవుటచే హోవర్డునకు దేశమున నిలువ మనస్సు రాలేదు. 1931లో, వాడ్‌తోఁ గలసి వ్రాసిన వ్యవసాయ వ్యర్థపదార్థముల గ్రంథమును వెలువరించి, ఉద్యోగమును విరమించి, స్వదేశమున కేఁగెను. గేబ్రియల్ చెల్లెలు లూయీ ఆతనిని బెండ్లాడి, కడవఱకు ఆతని పనిలోఁ జేదోడుగా నుండెను. 1934లో ఆతనికి సర్ బిరుదము వచ్చెను. ఇందూరు పద్ధతి కెన్యాలోని కాఫీ తోఁటలకును, అస్సాము సింహళముల తేయాకు తోఁటలకును వ్యాపించెను. మన దేశమున గాంధీమహాత్ముఁడు 1935లో హరిజన పత్రికయందు గ్రామసేవకుల కీ విషయమును బోధించెను.

కాని స్వదేశమున శాస్త్రజ్ఞులు పలువురు ఆతనిని బరిహసించిరి. నత్రజని, భాస్వరము, పొటాసియము అను మూఁటిని సంచులలోఁ దెచ్చి చల్లినచోఁ జాలునని వారి మతము. అవి పైరును దఱుమునే కాని నేలను బ్రదికింపవని హోవర్డు వాదము. 1940లో వెలువడిన వ్యవసాయ శాసనమను నర్థముగల గ్రంథమున, అడవియే మనకు గురువనియు, అందు రాలినది మరల మట్టిలోఁ గలియుచున్నందుననే నేల సారము తఱుగదనియు నిరూపింపఁ బూనెను. ఈ వాదములు చదివియే ఆంగ్లదేశమున ఈవ్ బాల్ఫరను స్త్రీయు, అమెరికాలో రోడేలను పత్రికాధిపతియు సేంద్రియ వ్యవసాయోద్యమమున కగ్రగణ్యులైరి. హోవర్డు 1947 అక్టోబరు 20వ తేదీన, మన దేశము స్వతంత్రమైన రెండు నెలలకు, లండనులో మరణించెను.

ఆతఁడు చెప్పినదంతయు సత్యమేయని యనుట న్యాయము కాదు. ఆఱు జతల యెద్దులకు రోగము రాకపోయినంత మాత్రమున అంటురోగములకు మంచి మేఁతయే మందని స్థిరపడదు. నేఁటి పశువైద్యులు టీకాను మానుమని చెప్పరు. రాథాంస్టెడ్ అను చోట 1843 నుండి జరుగుచున్న పరిశోధనలో, రసాయనముల వలనను చిరకాలము మంచి పంట రాఁగలదని తేలినది. ఆ రసాయనములు కోట్ల ప్రజల యాఁకలి దీర్చిన మాటయు నిజమే. కాని అదే పొలమున, ఏటేట పశువుల పెంట వేసిన మడిలో నేలయొక్క జీవసారము ఇనుమడికి మించి పెరిగినదనియు వారే కనుఁగొనిరి. రాసులుగాఁ బంట తీయుట వేఱు, తీయఁబడిన నేలను మన మనుమలకు బలముగా నప్పగించుట వేఱు. ఈ రెండవ దానిని మఱవరాదని హోవర్డు పట్టిన పట్టు నేఁటికిని జెల్లుచున్నది.

ప్రియ విద్యార్థులారా! ఈ చరిత్రమునుండి మనము గ్రహింపవలసినవి రెండు. విద్య నేర్చినవాఁడు నేర్వని వానియొద్ద నేర్చుకొనుటకు సిగ్గుపడరాదు. కేంబ్రిడ్జి పట్టభద్రుఁడు బీహారు పల్లెకాఁపును గురువనఁగలిగినపుడు, నాలుగక్షరములు రాఁగానే మన తండ్రితాతల పనిని మోటుపనియని మన మనఁదగునా? రెండవది, పెంట నెత్తుట నీచమైన పని కాదు. మన పెరళ్లలో రాలిన యాకులను ప్రోగుచేసి నిప్పు పెట్టునపుడు, నేలకుఁ జెల్లవలసిన యప్పును మనము బూడిద చేయుచున్నాము. ఎరువు సొమ్ము బరువు చేటని మన పెద్దల మాట. తెచ్చుకొన్నది తిరిగి యిచ్చివేసినవాఁడే నిశ్చింతగా నిద్రించును. ఈ సెలవులలో మనలో నొక్కొక్కఁడును ఇంటివద్ద నొక చిన్న గుంటయైనను ద్రవ్వి, మూఁడు నెలలు ఓపికపట్టి చూచినచో, ఆ మహనీయుని చరిత్రమును జదివినందుకు ఫలము గలుగును.