మట్టి మనసెరిగిన మహనీయుడు

మానవ జీవితానికి మూలాధారం నేల. తినే తిండి, కట్టే బట్ట, నిలిచే నీడ అన్నీ నేల ఇచ్చినవే. అయితే ఆ నేలకూ ఆకలి ఉంటుందని, ఏటా తీసుకోవడమే తప్ప తిరిగి ఇవ్వడం లేకపోతే అదీ నీరసిస్తుందని చాలాకాలం మనిషి గుర్తించలేదు. ఆ సత్యాన్ని శాస్త్రబద్ధంగా గ్రహించి, పేద రైతు గుమ్మం వరకు తీసుకువెళ్లినవారిలో అగ్రగణ్యుడు జార్జ్ వాషింగ్టన్ కార్వర్.

కార్వర్ అమెరికా దేశంలోని మిస్సోరి రాష్ట్రంలో, డైమండ్ అనే గ్రామం సమీపంలో సుమారు 1864లో జన్మించాడు. అతని పుట్టినతేదీని ఎవరూ రాసిపెట్టలేదు. బానిసల బిడ్డల జనన వివరాలను నమోదు చేసే ఆచారం ఆనాడు లేదు. మోజెస్ కార్వర్ అనే రైతు వద్ద అతని తల్లి మేరీ బానిసగా ఉండేది. జార్జ్ పసికందుగా ఉన్నప్పుడే దోపిడీ దొంగలు తల్లీబిడ్డలను అపహరించుకుపోయారు. మోజెస్ మనిషిని పంపి వెదికించగా బిడ్డ మాత్రమే దొరికాడు. తల్లి జాడ మరెన్నడూ తెలియలేదు. బానిసత్వం రద్దయిన తరువాత మోజెస్ దంపతులు జార్జ్‌నూ, అతని అన్ననూ తమ ఇంటనే పెంచారు.

బాల్యంలో జార్జ్ మిక్కిలి బలహీనుడు. పొలంలో బరువు పనులు చేయలేక ఇంటిపనులు నేర్చుకున్నాడు. తీరిక దొరికితే అడవిలోకి వెళ్లి మొక్కలను పరిశీలించేవాడు. వాడిపోయిన మొక్కను మరొకచోట నాటి, మన్ను మార్చి, నీడ కల్పించి బతికించేవాడు. ఇరుగుపొరుగువారు తమ పెరటి మొక్కలకు తెగులు సోకితే ఆ బాలునికి కబురు పెట్టేవారు. మొక్కల వైద్యుడన్న పేరు అతనికి అప్పుడే వచ్చింది.

చదువుకోవాలన్న తపన అతణ్ణి ఇల్లు విడిచేటట్లు చేసింది. ఊళ్లోని బడిలో నల్లజాతి పిల్లలకు ప్రవేశం లేదు. అందువల్ల నియోషో పట్టణానికి వెళ్లి, ఒక నల్లజాతి కుటుంబంలో ఆశ్రయం పొంది చదువు ప్రారంభించాడు. తరువాత కాన్సాస్ రాష్ట్రంలో ఊరూరా తిరుగుతూ, వంటలు చేస్తూ, బట్టలు ఉతుకుతూ ఉన్నత పాఠశాల విద్య పూర్తిచేశాడు. ఒక కళాశాల అతని దరఖాస్తును ఆమోదించింది. తీరా అక్కడకు చేరిన తరువాత అతని మేనిరంగును చూసి చేర్చుకోవడానికి నిరాకరించింది. ఆ అవమానాన్ని దిగమింగి కొంతకాలం సేద్యం చేశాడు. ఎట్టకేలకు 1890లో అయోవా రాష్ట్రంలోని సింప్సన్ కళాశాలలో చేరి చిత్రలేఖనం, సంగీతం అభ్యసించాడు. అతడు గీసే పూల చిత్రాలలోని సూక్ష్మ పరిశీలనను గమనించిన చిత్రకళ అధ్యాపకురాలు వృక్షశాస్త్రం చదవమని ప్రోత్సహించింది. ఆమె సలహా మేరకు 1891లో అయోవా వ్యవసాయ కళాశాలలో ప్రవేశించి, 1894లో పట్టం, 1896లో స్నాతకోత్తర పట్టం పొందాడు. ఆ కళాశాలలో తొలి నల్లజాతి విద్యార్థీ, తొలి నల్లజాతి అధ్యాపకుడూ అతడే.

ఆ సమయంలోనే అలబామా రాష్ట్రంలోని టస్కిగీ విద్యాసంస్థ నుండి అతనికి పిలుపు వచ్చింది. నల్లజాతివారి విద్యాభివృద్ధికి ఆ సంస్థను నడుపుతున్న బుకర్ టి. వాషింగ్టన్, వ్యవసాయ శాఖను నిర్వహించమని కోరాడు. అయోవాలో ఉంటే పరిశోధనకు సకల సౌకర్యాలూ ఉండేవి. అయినా తనవారికి తన విద్య ఉపయోగపడాలన్న సంకల్పంతో కార్వర్ 1896లో టస్కిగీ చేరాడు.

అక్కడి దృశ్యం అతని హృదయాన్ని కలచివేసింది. కనుచూపు మేర పత్తి పంటే. ఇళ్ల గుమ్మాల దాకా పత్తి చేలే. తరాల తరబడి ఒకే పైరు వేయడం వల్ల నేలలోని సారం హరించుకుపోయింది. వానలకు పైమన్ను కొట్టుకుపోయి పొలాలు గండ్లు పడ్డాయి. బానిసత్వం నుండి విముక్తులైన నల్లజాతి రైతులలో అనేకులకు సొంత భూమి లేదు. పండినదాంట్లో భూస్వామికి భాగమిచ్చి, విత్తనాలకు, ఎరువులకు, తిండిగింజలకు చేసిన అప్పు తీర్చేసరికి వారి చేతిలో ఏమీ మిగిలేది కాదు. నేల క్షీణించేకొద్దీ అప్పు పెరిగేది. అప్పు పెరిగేకొద్దీ పత్తి తప్ప మరో పంట వేసే స్వేచ్ఛ ఉండేది కాదు. నేల దారిద్ర్యమే మనిషి దారిద్ర్యమైంది.

ఈ విషవలయాన్ని ఛేదించాలంటే ముందుగా నేలకు ఏమి కొరతపడిందో తెలియాలి. దానికి ప్రయోగశాల కావాలి. సంస్థకు పరికరాలు కొనే స్తోమత లేదు. కార్వర్ శిష్యులను వెంటబెట్టుకొని చెత్తకుప్పలు గాలించాడు. పగిలిన సీసాలు, పాత జాడీలు, తుప్పుపట్టిన పాత్రలు సేకరించి శుభ్రం చేయించాడు. సిరాబుడ్డిలో వత్తి వేస్తే దీపమైంది. టీకప్పు కల్వమైంది. ఆ పరికరాలతోనే పాఠాలూ పరిశోధనలూ మొదలయ్యాయి.

భూసార పరీక్షలో ఆ నేలకు ప్రధానంగా నత్రజని, భాస్వరం, పొటాష్ కొరతగా ఉన్నట్లు తేలింది. కుళ్లిన ఆకులలములు, పేడ మొదలైన వాటి నుండి లభించే సేంద్రియ పదార్థం కూడా అతి స్వల్పం. అది లేని మట్టి నీటిని పట్టి ఉంచలేదు. పరీక్షాఫలితం వ్యాధి నిర్ణయం వంటిది. వ్యాధి తెలిసినంత మాత్రాన రోగి కోలుకోడు. అతని శక్తికి తగిన మందు కావాలి. సంచులలో అమ్మే ఎరువు కొనమంటే పేద రైతు మరింత అప్పులో కూరుకుపోతాడు. కనుక కార్వర్ ఖర్చులేని మందుకోసం వెదికాడు. అడవిలో రాలిన ఆకులు, చిత్తడినేలల నల్లమన్ను, పశువుల పేడ, వంటింటి వ్యర్థాలు కలిపి ఎరువుగా కుళ్లబెట్టి పొలానికి తోలించాడు.

నత్రజని కొరతకు అతడు చూపిన ఉపాయం పంట మార్పిడి. అలసంద, వేరుశనగ వంటి మొక్కల వేళ్లపై చిన్న బుడిపెలు ఉంటాయి. వాటిలో నివసించే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి మొక్కకు అందిస్తాయి. ఈ రహస్యాన్ని జర్మనీ శాస్త్రజ్ఞులు 1880ల దశకంలోనే నిరూపించారు. ఆ మొక్కల అవశేషాలను మట్టిలో కలియదున్నితే నేల సారవంతమై తరువాతి పైరుకు బలం చేకూరుతుంది. కార్వర్ ఆ శాస్త్రాన్ని గ్రంథాల నుండి పొలానికి దించాడు. సంస్థకు చెందిన నిస్సారమైన భూమిలోనే ఏళ్ల తరబడి ఈ పద్ధతులు ఆచరించి, దిగుబడి పెరగడాన్ని రైతులకు కళ్లారా చూపించాడు. ఆ అనుభవాలతో 1905లో, నిస్సారమైన నేలలను బాగుచేసే విధానంపై ఒక చిన్న పుస్తకం ప్రకటించాడు. చదువురాని రైతుకు చదివి వినిపించినా అర్థమయ్యేంత తేలికైన భాషలో అటువంటి పుస్తకాలు అనేకం వెలువరించాడు.

పుస్తకాలు చేరని పల్లెలకు పాఠశాలే ప్రయాణం కట్టింది. 1906లో ఒక దాత సాయంతో, పరికరాలూ విత్తనాలూ నింపిన బండి ఒకటి సిద్ధమైంది. అది గ్రామగ్రామానికి వెళ్లి దున్నడం, ఎరువు వేయడం, విత్తడం ఆచరణలో చూపేది. థామస్ క్యాంప్‌బెల్ అనే టస్కిగీ పూర్వవిద్యార్థి ఆ బండి బాధ్యత వహించాడు.

కాలం కార్వర్ హెచ్చరికను బలపరచింది. పత్తికాయలను తొలిచే ముక్కుపురుగు దక్షిణ రాష్ట్రాలలో వ్యాపించి పంటను నాశనం చేసింది. పత్తిని మాత్రమే నమ్ముకున్నవారు నష్టపోగా, వేరుశనగ, చిలగడదుంప వంటి పంటలకు ప్రాధాన్యం పెరిగింది. అయితే కొత్త పంటకు గిరాకీ లేకపోతే రైతు దానిని చేపట్టడు. అందువల్ల కార్వర్ వాటితో పిండి, పాలు, రంగులు, నూనెలు మొదలైన వందలాది వస్తువుల తయారీకి ప్రయోగాలు చేశాడు. వాటిలో చాలా వరకు అంగళ్లకు చేరలేదు. వేరుశనగ వెన్నను అతడే కనిపెట్టాడన్న ప్రచారం కూడా నిజం కాదు. అతని అసలైన ఘనకార్యం అంగడి వస్తువులలో లేదు. నేలను నిలబెట్టి, రైతు ముంగిట తిండిని పండించడంలో ఉంది.

1921లో అమెరికా ప్రతినిధుల సభ సంఘం ఎదుట వేరుశనగను గురించి వివరించడానికి అతనికి పది నిమిషాలే ఇచ్చారు. ప్రారంభంలో కొందరు సభ్యులు అతణ్ణి చులకనగా చూశారు. అతడు తొణకక తన నమూనాలను ఒక్కొక్కటిగా చూపుతూ వివరించసాగాడు. వినేకొద్దీ వారికి ఆసక్తి పెరిగి, గడువు పదేపదే పొడిగించారు. ఆ తరువాత అతని కీర్తి దేశమంతటా వ్యాపించింది. గాంధీజీతోనూ ఆహార విషయాలపై అతనికి ఉత్తరప్రత్యుత్తరాలు నడిచాయి.

కీర్తి అతని జీవన విధానాన్ని మార్చలేదు. అవివాహితుడుగానే ఉండి, పాత దుస్తులతో, కోటుపై తాజా పువ్వు ధరించి, తెల్లవారకముందే పొలాల వెంట తిరిగేవాడు. జీవితకాలం కూడబెట్టిన ధనాన్ని పరిశోధనల కొనసాగింపుకు ధారపోశాడు. 1943 జనవరి 5న టస్కిగీలోనే కన్నుమూశాడు. అదే సంవత్సరం జూలైలో అతని జన్మస్థలాన్ని అమెరికా ప్రభుత్వం జాతీయ స్మారకంగా ప్రకటించింది.

తల్లిని కోల్పోయిన పసివాడు నేలనే తల్లిగా సేవించాడు. ఆమె ఆకలిని పరీక్షించి తెలుసుకొని, చేతికందిన వస్తువులతోనే ఆ ఆకలి తీర్చాడు. పొలమైనా, పెరడైనా, ఇంటి ముందరి పచ్చికబయలైనా ముందు మట్టి అవసరాన్ని తెలుసుకొని, తరువాతే ఎరువు వేయాలన్నది అతని జీవితం అందించే పాఠం.