పారేసిన వాటితో ఊరు కట్టిన నేక్ చంద్

నాన్నకో అమ్మకో బదిలీ అయిందంటే మన ఇళ్లలో సామాన్లు రెండు కుప్పలవుతాయి. ఒకటి లారీ ఎక్కుతుంది, రెండోది చెత్తలోకి పోతుంది. అంచు పగిలిన కప్పు, పాత బల్బు హోల్డరు, తుప్పు పట్టిన చిన్న సైకిలు రెండో కుప్పలోవే. అలాంటి కుప్పలతో ఒక తోటనే సృష్టించిన నేక్ చంద్ గురించి ఈసారి చెప్పుకుందాం.

ఆయన 1924లో బేరియాన్ కలాన్ అనే పల్లెలో పుట్టారు. అమ్మ చెప్పే రాజుల కథలు వింటూ పెరిగారు. 1947లో దేశ విభజన జరిగింది. ఆ పల్లె పాకిస్తాన్‌లోకి వెళ్లింది. ఆయన కుటుంబం ఇల్లు వదిలి ఇటు వచ్చేసింది. మన పాత ఊళ్లకు మనం సెలవుల్లో రైలెక్కి వెళ్లి రావచ్చు. ఆయనకూ ఆయన ఊరికీ మధ్య సరిహద్దు వచ్చి పడింది.

అప్పట్లో చండీగఢ్ నగరం కొత్తగా కడుతున్నారు. నేక్ చంద్ అక్కడ ప్రజా పనుల శాఖలో రోడ్ ఇన్‌స్పెక్టర్‌గా చేరారు. నగరం కోసం ఎన్నో పల్లెలను ఖాళీ చేయించి కూల్చారు. అక్కడ మిగిలిన పెంకులు, కుండలు, గాజులు, పింగాణీ ముక్కలు ఆయన కంట పడ్డాయి. డ్యూటీ అయ్యాక వాటిని సైకిల్ మీద మోసుకెళ్లి సుఖ్నా సరస్సు దగ్గరి అడవిలో దాచేవారు. వాగుల్లో పక్షిలాగో జంతువులాగో కనిపించే రాళ్లను కూడా ఏరుకొచ్చేవారు.

పాత సైకిల్ ఫ్రేములు, ఇనుప కడ్డీలు వంచితే బొమ్మకు ఎముకలు. పైన మెత్తిన సిమెంటు, ఇసుక కండ. పచ్చిగా ఉండగానే అద్దిన గాజుల ముక్కలు బట్టలు. అలా నెమళ్లు, కోతులు, నాట్యం చేసే అమ్మాయిలు తయారయ్యారు. రాత్రిపూట పాత టైర్లు కాల్చి ఆ వెలుగులో పని చేసేవారు.

అది ఏమీ కట్టకూడని ప్రభుత్వ అటవీ భూమి. తెలిస్తే ఉద్యోగం పోవచ్చు, బొమ్మలన్నీ నేలమట్టం కావచ్చు. దాదాపు 18 ఏళ్లు రహస్యంగానే సాగి, చివరికి అధికారుల కంట పడింది. అప్పటికే అది సుమారు 12 ఎకరాల తోట.

అనుమతి లేకుండా కట్టడం తప్పు కాదా అని మా క్లాసులో వాదన వచ్చింది. తప్పేనని మాలో చాలామంది అన్నాం. కానీ ఆయన అక్కడ తనకోసం ఇల్లు కట్టుకోలేదు. చూడటానికి వచ్చిన జనం ఆయన పక్షాన నిలిచారు. అధికారులూ కూల్చకుండా 1976లో తోటను ప్రజల కోసం తెరిచారు. ఆయనకు జీతమిచ్చి అదే పని అప్పగించి, 50 మంది పనివాళ్లనూ ఇచ్చారు. అదే నేటి రాక్ గార్డెన్. జలపాతాలతో, మలుపులు తిరిగే దారులతో అది 40 ఎకరాలకు పెరిగింది. అక్కడి ద్వారాలు కొన్ని ఎంత పొట్టివంటే, ఎంతటివారైనా తల వంచి వెళ్లాల్సిందే.

1984లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2015లో, 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

పోయిన ఊరు ఆయనకు తిరిగి దొరకలేదు. వచ్చిన ఊళ్లోనే, ఆ ఊరు వద్దనుకున్న వాటితోనే ఇంకొకటి కట్టుకున్నారు. వచ్చే బదిలీకి సామాన్లు సర్దేటప్పుడు రెండో కుప్పను మేము ఒకసారి తిరగేసి చూస్తాం. మీరూ చూడండి.