శత్రువు వ్రాసిన కరపత్రము



ఈ నెల మేము మిట్సువో ఫుచిదా అను జపాను సైనికుని జీవితమును మీ యెదుట ఉంచుచున్నాము.

ఇతడు 1902లో నారా ప్రాంతమున జన్మించి, నావికాదళములో చేరి, విమానము నడుపుటలో ఆరితేరెను. 1941 డిశంబరు 7వ తేదీ ఆదివారము ఉదయమున, యుద్ధము ప్రకటింపకయే, జపాను విమానములు హవాయి దీవులలోని పెర్ల్ హార్బరు రేవుమీద పడెను. మొదట వచ్చిన 183 విమానములకు నాయకుడు ఫుచిదాయే. ఆ దినమున 2,400 మందికి పైగా అమెరికావారు చనిపోయిరి. అరిజోనా అను ఒక్క యోడలోనే 1,177 మంది మడిసిరి. మరునాడే అమెరికా యుద్ధములో దిగెను.

ఫుచిదాకు స్వదేశమున గొప్ప పేరు వచ్చెను. అయితే 1942 జూనులో మిడ్వే యుద్ధమున అతడున్న ఓడ తగులబడగా, కాళ్లు విరిగి, ప్రాణములతో మాత్రము బయటపడెను. 1945లో జపాను ఓడిపోయెను. అతడు స్వస్థలమునకు పోయి సేద్యము చేసికొనుచుండెను. పేరు పోయెను గాని గెలిచినవారిమీది పగ పోలేదు.

1948లో టోక్యోలోని షిబుయా స్టేషను వద్ద అతనికొక కరపత్రము అందెను. దానిని వ్రాసినవాడు జేకబ్ డెషేజర్ అను అమెరికా సైనికుడు. అతడు 1942 ఏప్రిలులో జపానుమీద బాంబులు వేసి, పట్టుబడి, 40 నెలలు చెరలో ఆకలికి, దెబ్బలకు ఓర్చినవాడు. అతని తోటివారిలో ముగ్గురిని జపానువారు చంపిరి. చెరలో చేతికందిన బైబిలును చదివి, అతడు ద్వేషమును విడిచి, సువార్తికుడై తన్ను బాధించిన దేశమునకే తిరిగి వచ్చెను.

ఫుచిదా ఆశ్చర్యపడి బైబిలు కొని చదివెను. లూకా సువార్త 23వ అధ్యాయములో, తన్ను చంపుచున్నవారి కొరకు ప్రభువు చేసిన ప్రార్థన అతని హృదయమును విరుగగొట్టెను. ఆ ప్రార్థనలో తానును ఉన్నానని గ్రహించెను. 1950లో డెషేజరును కలిసికొనెను. ఒకనాటి శత్రువులిద్దరు కలిసి సువార్త చెప్పిరి. ఫుచిదా అమెరికాకును వెళ్లి సాక్ష్యమిచ్చెను. 1976లో కన్నుమూసెను.

క్షమాపణ వలన చేసిన కీడు చిన్నదగునని మేము చెప్పము. అరిజోనాలో మునిగిన కుమారులు తల్లుల యొద్దకు తిరిగి రాలేదు. అయినను పగను ఆపినవాడు కీడు చేసినవాడు కాదు, కీడు పొందినవాడే. పొలము గట్టు తగవుతో పలుకరింపు మానిన పొరుగువాడు మనలో ఎవరికి లేడు? అతడు ముందు రావలెనని కనిపెట్టక, మనమే అతని గడప తొక్కుదము గాక.

ధ్యానమునకు: లూకా 23:32-43, రోమా 12:14-21.