చూడకుండా టైపు చేసిన మెక్‌గరిన్



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఎవరైనా ఒక గొప్ప వ్యక్తి జీవితం గురించి రాయమని వార్డెన్ గారు అడిగారు. అంబేద్కర్, జ్యోతిరావు ఫూలే, భాగ్యరెడ్డి వర్మ గార్ల గురించి మీరు ఇటువంటి సంచికల్లో చదువుతూనే ఉంటారు. వారి గురించి నాకంటే బాగా రాయగలిగినవారు మీలోనే ఉన్నారు. అందుకని నాకు అన్నం పెట్టిన విద్యకు సంబంధించిన ఒక మనిషిని ఎంచుకున్నాను. ఆయన పేరు ఫ్రాంక్ ఎడ్వర్డ్ మెక్‌గరిన్. కీల వంక చూడకుండా, అన్ని వేళ్ళతో టైపు చేయవచ్చునని లోకం ముందు నిరూపించినవాడు. టైపు చరిత్ర రాసినవారెవరూ ఆయన పేరు చెప్పకుండా ముందుకు పోలేరు.

ముందుగా నా సంగతి కొంచెం చెప్పాలి. పదో తరగతి పరీక్షలు అయిపోయిన వేసవిలో పాతబస్తీలోనే ఒక మేడమీద ఉన్న టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. మా నాన్న మేస్త్రీ దగ్గర కూలి పని చేసేవారు. నెల నెలా ఫీజు కట్టడమే ఆయనకు కష్టంగా ఉండేది. రోజుకు ఒక గంట క్లాసు. ఆ గంటలో చేయించేది ఒక్కటే పాఠం. ఎడమ చేత్తో ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, కుడి చేత్తో సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె. పేజీ నిండా అదే. మర్నాడు కూడా అదే. నాకు విసుగు పుట్టింది. మాస్టారు అటు తిరగగానే కీలు చూస్తూ రెండు చూపుడు వేళ్ళతో గబగబా పేజీలు నింపేవాణ్ణి. పక్కవాళ్ళకంటే ముందున్నానని మురిసిపోయేవాణ్ణి.

లోయర్ పరీక్ష నాడు నా తెలివి బయటపడింది. కాగితం వంక ఒకసారి, కీల వంక ఒకసారి చూస్తూ వరుస తప్పాను. ఒక లైను మొత్తం వదిలేశాను. గంట కొట్టేసరికి సగం కూడా కాలేదు. ఫెయిలయ్యాను. నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. మళ్ళీ ఫీజు కట్టారు. ఆయన తిట్టి ఉంటే అంత బాధ ఉండేది కాదు. నేను మళ్ళీ ఏ ఎస్ డి ఎఫ్ నుంచి మొదలుపెట్టాను. మెక్‌గరిన్ కథ నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ముందే తెలిసి ఉంటే ఆ రెండోసారి ఫీజు మిగిలేది. మీకైనా మిగలాలని ఇది రాస్తున్నాను.

మెక్‌గరిన్ 1861లో జన్మించాడు. అప్పటికి టైపు మిషన్ ఇంకా వాడుకలోకి రాలేదు. అమెరికాలో మిల్వాకీ నగరంలో క్రిస్టఫర్ లాథమ్ షోల్స్ అనే ఆయన మిత్రులతో కలిసి దానిని తయారు చేసి 1868లో పేటెంటు పొందాడు. షోల్స్ చిన్నప్పుడు అచ్చు పని నేర్చుకున్నవాడు, పత్రికా సంపాదకుడు. మన ఛత్తా బజార్ ప్రెస్సుల్లో సీసపు అక్షరాలు కూర్చినవారిలాగే ఆయనకూ అక్షరం ఎక్కడ ఉంటే చేతికి అందుతుందో తెలుసు. రెమింగ్టన్ కంపెనీ ఆ మిషన్‌ను 1874లో బజారులోకి తెచ్చింది. తుపాకులు, కుట్టు మిషన్లు తయారు చేసే కంపెనీ అది. మొదటి మిషన్ పెద్దక్షరాలు మాత్రమే కొట్టేది. అక్షరం కాగితానికి అడుగు వైపు పడేది కాబట్టి కొట్టిన లైను కొట్టినవాడికే కనిపించేది కాదు. పైకెత్తి చూసుకోవలసిందే.

మిషన్ అయితే వచ్చింది గానీ దాని మీద ఏ వేలు ఎక్కడ పెట్టాలో చెప్పినవారు లేరు. చూపుడు వేళ్ళు, మధ్య వేళ్ళు మాత్రమే వాడుతూ, అక్షరాన్ని వెతుక్కుంటూ కొట్టేవారు. అదే సహజమని అందరూ అనుకున్నారు.

ఆ రోజుల్లో మెక్‌గరిన్ మిచిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ రాపిడ్స్ అనే ఊళ్ళో ఒక లాయరు ఆఫీసులో గుమాస్తా. ఇంకా ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. ఆఫీసుకు రెమింగ్టన్ మిషన్ వచ్చింది. లాయరూ, కుర్రవాడూ పోటీపడి దాని మీద సాధన చేసేవారు. కుర్రవాడు ముందుకు పోతున్నాడని గమనించిన లాయరు ఒకనాడు అతని గర్వం కాస్త తగ్గిద్దామని, ఊళ్ళో ఇంకొక ఆఫీసులో ఒక అమ్మాయి కిటికీ లోంచి బయటకు చూస్తూ కూడా తప్పు లేకుండా టైపు చేస్తుందని చెప్పాడు.

ఆ మాట మెక్‌గరిన్ మనసులో నాటుకుంది. ఒక అమ్మాయి చేయగలిగినది తాను ఎందుకు చేయలేడని పట్టుబట్టాడు. నేర్పేవారు లేరు, పుస్తకం లేదు. ఏ వేలికి ఏ కీలో తానే పంచుకున్నాడు. కీల వంక చూడకూడదని తనకు తానే నియమం పెట్టుకున్నాడు. 1878 నాటికి చూడకుండా వేగంగా టైపు చేయగలిగే స్థితికి వచ్చాడు. ఆ తర్వాత అసలు సంగతి తెలిసింది. ఆ అమ్మాయికి చూడకుండా టైపు చేయడం రానే రాదు! లాయరు చెప్పినది నిజం కాదు. కానీ దానిని నిజమని నమ్మి చేసిన సాధన మాత్రం అబద్ధం కాలేదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఈ విద్య పుట్టుకతో వచ్చే ప్రతిభ అయి ఉంటే, ఎవరికీ రాని దానిని ఒక గుమాస్తా కుర్రవాడు ఒంటరిగా సాధించగలిగేవాడా? సాధ్యమేనన్న నమ్మకం ఒక్కటే అతనికి దొరికింది. మిగతాదంతా వేళ్ళు చేసిన పని.

మెక్‌గరిన్ షార్ట్‌హ్యాండ్ కూడా నేర్చుకున్నాడు. యూటా ప్రాంతంలోని సాల్ట్ లేక్ సిటీకి వెళ్ళి కోర్టు స్టెనోగ్రాఫర్ అయ్యాడు. టైపు క్లాసులు కూడా నడిపాడు. కోర్టు పని ఎటువంటిదో పాతబస్తీ పిల్లలకు ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. మూసీ ఒడ్డున, నయాపూల్ పక్కన 1920లో ప్రారంభమైన హైకోర్టు భవనం మన కళ్ళ ముందే ఉంది. సాక్షి చెప్పినది, వకీలు వాదించినది, జడ్జి తీర్పు ఇచ్చినది అన్నీ కాగితం మీదకు రావాలి. ఒక్క అంకె తప్పితే ఒకరి భూమి పోవచ్చు. వేగంతో పాటు నిజాయితీ కూడా కావలసిన పని అది.

అన్ని వేళ్ళూ వాడాలన్న ఆలోచన మెక్‌గరిన్ ఒక్కడిదే కాదు. సిన్సినాటి నగరంలో షార్ట్‌హ్యాండ్, టైపు పాఠశాల నడిపిన ఎలిజబెత్ లాంగ్లీ 1882లోనే అన్ని వేళ్ళతో టైపు చేసే పాఠాలను అచ్చు వేయించింది. కానీ నిపుణులు ఒప్పుకోలేదు. 1887లో ఒక షార్ట్‌హ్యాండ్ పత్రికలో ఆమె పద్ధతి మీద విమర్శ వచ్చింది. పియానోతో ముందే అలవాటు పడితే తప్ప ఉంగరపు వేలితో పని చేయించడం దండగ అని వారి వాదన. బలహీనమైన వాటికి పని ఇవ్వకుండా, పని రాదని తీర్పు చెప్పడం అన్నమాట. ఇటువంటి తీర్పులు మనం వేళ్ళ విషయంలోనే కాదు, మనుషుల విషయంలో కూడా విన్నాం.

ఈ వాదానికి జవాబు 1888 జూలై 25న అదే సిన్సినాటిలో దొరికింది. లూయీ ట్రాబ్ అనే ఆయన కూడా టైపులో తనను మించినవారు లేరని చెప్పుకునేవాడు. ఇద్దరికీ 500 డాలర్ల పందెం కుదిరింది. ట్రాబ్ వాడినది కాలిగ్రాఫ్ అనే మిషన్. అందులో పెద్దక్షరాలకు, చిన్నక్షరాలకు వేరు వేరు కీలు. మొత్తం 72 కీలు ఉండేవి. మెక్‌గరిన్ వాడినది 1878లో వచ్చిన రెమింగ్టన్ రెండవ నంబరు మిషన్. దానిలో షిఫ్ట్ కీ ఉంది. ఒకే కీతో పెద్దక్షరం, చిన్నక్షరం రెండూ వస్తాయి. కీలు తక్కువ కాబట్టి వేళ్ళు వాటి చోట్లను గుర్తు పెట్టుకోగలవు. ట్రాబ్ కీలను చూస్తూ కొట్టేవాడు.

పోటీ రెండు భాగాలు. మొదటి 45 నిమిషాలు ఒకరు చదువుతుంటే విని టైపు చేయాలి. తర్వాతి 45 నిమిషాలు కాగితం చూసి టైపు చేయాలి. విని టైపు చేయడంలో మెక్‌గరిన్ నిమిషానికి సుమారు 95 పదాలు కొట్టాడు. చూసి టైపు చేయడంలో సుమారు 98 కొట్టాడు. అంటే అతని వేగం ఇంకా పెరిగింది. ట్రాబ్‌కు మాత్రం రెండో భాగంలో వేగం బాగా పడిపోయింది. కారణం తెలిసిందే. వినేటప్పుడు కళ్ళు ఖాళీగా ఉంటాయి కాబట్టి కీలను చూడవచ్చు. కాగితం చూసి కొట్టేటప్పుడు మాత్రం తల అటూ ఇటూ తిరుగుతూనే ఉండాలి. లోయర్ పరీక్షలో నాకు జరిగింది సరిగ్గా ఇదే. మెక్‌గరిన్ కళ్ళు కాగితం మీద, వేళ్ళు కీల మీద, దేని పని దానిదిగా ఉన్నాయి.

రెండు భాగాలలోనూ మెక్‌గరిన్ గెలిచాడు. పత్రికలు ఈ వార్తను గొప్పగా ప్రచురించాయి. 1889లో బేట్స్ టోరీ అనే ఆయన తన పుస్తకంలో ఈ పద్ధతికి టచ్ అన్న మాట వాడాడు. అప్పటి నుంచి అది టచ్ టైపింగ్ అయింది. మెల్లమెల్లగా పాఠశాలలన్నీ ఆ పద్ధతికి మారాయి. మెక్‌గరిన్ 1933లో మరణించాడు. అప్పటికి దేశదేశాల ఆఫీసుల్లో లక్షలాది వేళ్ళు కీలను చూడకుండానే పని చేస్తున్నాయి.

ఆ విద్య మన దేశానికీ వచ్చింది. మన ఊళ్ళలో బస్టాండు దగ్గర, కోర్టు దగ్గర టైపు ఇన్‌స్టిట్యూట్లు వెలిశాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సాంకేతిక విద్యా మండలి నిర్వహించిన పరీక్షల్లో లోయర్‌కు నిమిషానికి 30 పదాలు, హయ్యర్‌కు 45 పదాలు రావాలి. ఆ సర్టిఫికెట్టుతో ఎన్నో పేద కుటుంబాల్లో మొదటి నెల జీతం వచ్చింది. మా ఇంట్లో కూడా అలాగే వచ్చింది. టైపిస్టు పని చిన్నదని కొందరు అనుకుంటారు. బాబాసాహెబ్ అంబేద్కర్ చివరి గ్రంథమైన బుద్ధుడు, ఆయన ధమ్మం రాతప్రతిని టైపు చేసినవారు నానక్ చంద్ రత్తు. ఢిల్లీలో తన ఆఫీసు పని ముగించుకుని వచ్చి ఆయన ఆ సేవ చేసేవారు. ఆ గ్రంథం 1957లో, బాబాసాహెబ్ మరణించిన మరుసటి ఏడు వెలువడింది.

గోద్రెజ్ కంపెనీ 2009లో టైపు మిషన్ల తయారీ మానేసింది. అయితే మిషన్ పోయినా కీల వరుస పోలేదు. షోల్స్ కాలం నాటి వరుసే ఈనాడు కంప్యూటర్ కీబోర్డు మీద ఉంది. ఎఫ్, జె కీలను తడిమి చూడండి. చిన్న గీత ఉబ్బెత్తుగా తగులుతుంది. చూపుడు వేళ్ళు చూడకుండానే తమ ఇంటికి చేరడానికి పెట్టిన గుర్తు అది. ఎడమ చేతి చిటికెన వేలు ఏ మీద, ఉంగరపు వేలు ఎస్ మీద, మధ్య వేలు డి మీద, చూపుడు వేలు ఎఫ్ మీద ఉంచాలి. కుడి చేతి చూపుడు వేలు జె మీద, తర్వాతివి వరుసగా కె, ఎల్, సెమికోలన్ మీద ఉంచాలి. బొటనవేలు స్పేస్ బార్‌కు. పై వరుసకు, కింది వరుసకు వెళ్ళిన వేలు పని కాగానే మళ్ళీ తన చోటికి రావాలి. జి, హెచ్ కీలు చూపుడు వేళ్ళవే.

తెలుగులో కూడా ఇదే పద్ధతి పని చేస్తుంది. భారత ప్రభుత్వం ప్రమాణంగా నిర్ణయించిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమ చేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడి చేతి వైపు ఉంటాయి. తెలుగు క ఏ కీ మీద ఉందో హిందీ క కూడా ఆ కీ మీదే ఉంటుంది. తెలుగుకు అలవాటు పడిన వేళ్ళు హిందీకి కొత్తగా నేర్చుకోవలసినది చాలా తక్కువ.

హాస్టల్‌లో కంప్యూటరు ఒక్కటే ఉండవచ్చు. మీ వంతు అరగంటే రావచ్చు. ఆ అరగంటలో కీబోర్డు మీద ఒక చేతి రుమాలు కప్పి, దాని కింద వేళ్ళు పెట్టి సాధన చేయండి. మొదటి రెండు వారాలు రెండు వేళ్ళతో కొట్టే స్నేహితుడు మీకంటే ముందుంటాడు. నవ్వుతాడు కూడా. తప్పులు వస్తాయి. చిటికెన వేలు నొప్పి పుడుతుంది. అయినా కిందికి చూడకండి. వేగం కోసం తొందరపడకండి. తప్పు లేకుండా నెమ్మదిగా కొట్టినవాడికి వేగం తనంతట తానే వస్తుంది. తప్పులతో వేగంగా కొట్టినవాడు నాలాగా మళ్ళీ మొదటి పాఠానికి రావలసిందే.

మెక్‌గరిన్‌కు గురువు లేడు. మీకు గురువులు ఉన్నారు, పాఠాలు ఉన్నాయి, ఆయన నడిచి చూపిన దారి ఉంది. లేనిది ఒక్కటే, మీరింకా మొదలుపెట్టిన రోజు. అది ఈ వార్షికోత్సవం మర్నాడే కావాలని కోరుకుంటూ,

మీ అన్న,
ఈ హాస్టల్ పూర్వ విద్యార్థి