రిటైరయ్యాక మొదలైన కెరియర్

పిషారోత్ రామ పిషారొటీ.. ఈ పేరు మీలో చాలామంది విని ఉండరు. మన దేశంలో రిమోట్ సెన్సింగ్‌కు పితామహుడని చెప్పేది ఈయన్నే. చిత్రమేంటంటే, ఆ రంగంలోకి వచ్చేనాటికి ఆయన సర్కారీ ఉద్యోగం పూర్తిచేసి రిటైరైపోయారు.

1909 ఫిబ్రవరి 10న కేరళలోని కొల్లెంగోడ్‌లో పుట్టారు. చదివింది ఫిజిక్స్. కాలేజీలో లెక్చరర్‌గా చేస్తూనే, వేసవి సెలవులొస్తే బెంగళూరు వెళ్లి సి.వి.రామన్ దగ్గర రీసెర్చ్ చేసేవారు. 1942లో వాతావరణ శాఖలో చేరారు. తర్వాత అమెరికా వెళ్లి కాలిఫోర్నియా యూనివర్సిటీలో పీహెచ్‌డీ తెచ్చుకున్నారు. 1962లో పుణెలో పెట్టిన ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థకు తొలి డైరెక్టర్ ఆయనే. 1967లో పదవీ విరమణ. మామూలుగా అయితే ఇక మనవళ్లతో కాలక్షేపమే.

ఆయన మాత్రం అహ్మదాబాద్‌లో విక్రమ్ సారాభాయ్ నడుపుతున్న ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీలో చేరారు. అక్కడ చేతికొచ్చిన పని కొబ్బరిచెట్లది. కేరళలో రూట్ విల్ట్ అనే తెగులు తోటల్ని తినేస్తోంది. ఆకులు వాడిపోయి రైతు గమనించేసరికి చెట్టు లోపల అంతా అయిపోయి ఉంటుంది. మరి ముందే పట్టుకోవడమెలా?

పచ్చని ఆకు మన కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని బాగా వెనక్కి పంపుతుంది. జబ్బు పడితే అది తగ్గుతుంది. ఇన్‌ఫ్రారెడ్ కలర్ ఫిల్మ్‌లో ఆరోగ్యంగా ఉన్న చెట్టు ఎర్రగా పడుతుంది, తెగులు చెట్టు ఎరుపు తగ్గి కనిపిస్తుంది. 1970 ప్రాంతంలో పిషారొటీ బృందం హెలికాప్టర్‌లో కెమెరా పెట్టి తోటల మీద తిరిగి ఫొటోలు తీసింది. అప్పటికి ఈ పనికి మనకంటూ ఒక్క ఉపగ్రహం కూడా లేదు. అయినా దేశంలో రిమోట్ సెన్సింగ్ ఇలాగే మొదలైంది. 1972 నుంచి 1975 దాకా ఇస్రో స్పేస్ అప్లికేషన్స్ సెంటర్‌లో ఈ విభాగాన్ని ఆయనే నడిపారు.

1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చింది. వేల ప్రాణాలు పోయాయి. అప్పటికి మేఘాల్ని నిత్యం కనిపెట్టి ఉండే సొంత ఉపగ్రహం మనకు లేదు. ఆ పని చేసే ఇన్‌శాట్-1బి 1983లో వెళ్లింది. భూమిని పరిశీలించే ఐఆర్‌ఎస్-1ఎ 1988 మార్చి 17న వెళ్లింది.

ఇప్పుడు వరదొస్తే మబ్బులున్నా, చీకటైనా రాడార్ ఉపగ్రహం చూస్తుంది. నిలిచిన నీళ్లు అద్దంలా సిగ్నల్‌ను పక్కకు కొట్టేస్తాయి కాబట్టి చిత్రంలో నల్లగా పడతాయి. షాద్‌నగర్‌లో దిగే డేటాతో హైదరాబాద్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ ముంపు మ్యాపులు తయారుచేస్తుంది. అయితే నల్లగా ఉన్నదల్లా వరద కాదు. పాత చెరువు కావచ్చు, నున్నటి తారురోడ్డూ కావచ్చు. వరదకు ముందు తీసిన చిత్రంతో పోల్చాలి, వీలైతే వెళ్లి చూడాలి. శాటిలైట్ జాబ్ అంటే ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చోవడమే అనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. రూట్ విల్ట్ ఫొటోల్లోనూ అంతే, ఏ చెట్టుకు నిజంగా తెగులుందో నేల మీద తేల్చుకుంటేనే ఆ ఎరుపుకు అర్థం.

ఈ రంగంలోకి రావాలంటే రాకెట్ సైన్సే చదవక్కర్లేదు. సివిల్, జియాలజీ, జాగ్రఫీ, అగ్రికల్చర్, కంప్యూటర్స్.. ఎటు నుంచైనా దారుంది. గేట్‌లో జియోమాటిక్స్ పేపర్ ఉంది. డెహ్రాడూన్‌లోని ఐఐఆర్‌ఎస్ ఉచితంగా ఆన్‌లైన్ కోర్సులు నడుపుతోంది. క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఫ్రీ. ఇస్రో భువన్ పోర్టల్‌లో మీ మండలాన్నే తెరిచి మొదలుపెట్టొచ్చు.

పిషారొటీకి 1970లో పద్మశ్రీ వచ్చింది. ప్రపంచ వాతావరణ సంస్థ ఇచ్చే ఐఎంఓ ప్రైజ్ 1989లో వచ్చేసరికి ఆయన వయసు 80. 2002 సెప్టెంబరు 24న కన్నుమూశారు.